పురుగుకు గెనిమ తెలియదు

నేను మూడో తరగతి చదివే ఏడు మా శనక్కాయ చేను పురుగు పాలైంది.

మా ఊరు బద్వేలుకు దగ్గర. పడమటి దిక్కున లంకమల, తూర్పున వెలికొండలు, నడుమ సగిలేరు. లంకమల అంచున మా నాయనకు రెండెకరాల డీకేటీ పట్టా భూమి ఉండేది. మా యానాదులకు భూమి దొరికితే ఊరి నడుమ దొరకదు. ఊరు అయిపోయిన చోట, రాళ్లు మొదలైన చోట దొరుకుతుంది. ముందు కొండ, తర్వాత బీడు, బీడును ఆనుకుని మా చేను, మా చేను కింద ఒక పెద్ద రైతు చేను.

ఆ ఏడు తొలకరి బాగా కురిసింది. శనక్కాయ మంచి పచ్చగా లేచింది. విత్తి నెల దాటిందో లేదో, బీడులో నుంచి ఎర్ర గొంగళి పురుగులు దిగాయి. మా దిక్కు కంబళి పురుగు అని కూడా అంటారు. కింది రైతు సంగతి గ్రహించి, మా రెండు చేన్ల నడుమ గెనిమ వెంబడి మూరెడు లోతు కాలవ తవ్వించాడు. అందులో పడిన పురుగులను కూలీలు మట్టి కప్పి తొక్కి చంపారు. కాలవ దాటలేని పురుగులు వెనక్కి మళ్లి మా చేనులోనే ఉండిపోయాయి. నాలుగైదు రోజుల్లో ఆకుల ఈనెలు, కాడలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ కాలవ తవ్విన కూలీల్లో మా అమ్మ ఉంది. కూలి డబ్బులు ఆమె చేతికే ఇచ్చారు. మా చేను పోయిన వారం మేము తిన్న బియ్యం ఆ డబ్బులతో కొన్నవే.

ఇన్నేళ్ల తర్వాత ఐదో తరగతి పిల్లలకు కీటకాల పాఠం చెబుతూ ఈ కథ చెప్పాను. ఒక పిల్లాడు లేచి, "ఆయప్ప చేను ఆయప్ప కాపాడుకున్నాడు సార్, అందులో తప్పేముంది?" అన్నాడు. వెనక బెంచీలో ఉన్న పాప, "తప్పు లేకుంటే సార్ వాళ్ల చేను ఎందుకు పోయింది?" అంది. ఇద్దరూ సరిగానే అడిగారు. గంట కొట్టేదాకా నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఈ వ్యాసం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జవాబుకు ముందు పురుగు బతుకు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి. అది తెలియకుండా తప్పొప్పులు తేల్చబోతే మన కోపమే మాట్లాడుతుంది.

ఎర్ర గొంగళి పురుగు ఏడాదిలో పది నెలల దాకా మన కంటికి కనిపించదు. చేను గట్ల వెంబడి, చెట్ల నీడన, నేలలో జానెడు లోపు కోశంలో నిద్రపోతూ ఉంటుంది. రాయలసీమ ఎండాకాలం అంతా అట్లా పడుకునే గడుపుతుంది. జూన్, జూలై నెలల్లో ఒక గట్టి వాన పడి నేల లోపలికి తడి దిగితే, రెండు మూడు రోజుల్లో రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ముందు రెక్కలు తెల్లగా ఉండి అంచున పసుపు చార ఉంటుంది. పొద్దు గూకేటప్పుడు వస్తాయి, ఆ రాత్రే జత కడతాయి. తర్వాత ఆడ పురుగు ఆకుల అడుగున గుంపులు గుంపులుగా గుడ్లు పెడుతుంది. ఒక్కో తల్లి వందల గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు పొదిగి, మొదట ఒకే ఆకు మీద గుంపుగా గీకి తింటాయి. పెరిగే కొద్దీ విడిపోతాయి. ఒక చోట ఆకు అయిపోతే నేల మీద నడుచుకుంటూ పక్క చేనుకు పోతాయి. చేలు చేలు దాటి దండులా సాగుతాయి. నెల, నెలా పది రోజులు తిన్నాక మళ్లీ గట్టునో చెట్టు నీడనో వెతుక్కుని నేలలోకి దిగిపోతాయి.

ఇందులో మూడు సంగతులు గమనించండి. దీని పుట్టిల్లు గట్టు, తిండిల్లు చేను. ఆ రెండిటికీ యజమానులు వేరు కావచ్చు. రెండో సంగతి, ఊరంతటి పురుగూ దాదాపు ఒకేసారి, ఒక్క వానకే లేస్తుంది. వాన అందరికీ ఒకటే కాబట్టి వాటి పెళ్లి ముహూర్తం కూడా ఒకటే. మూడో సంగతి, అవి ఎగిరి గాని నడిచి గాని ఒక తావు నుంచి ఇంకో తావుకు పోతూనే ఉంటాయి. ఒక చేనులో పురుగు ఎంత ఉందనేది ఆ చేనులోనే తేలే లెక్క కాదు. చుట్టూ ఉన్న బీళ్లు, గట్లు, చేలు అన్నీ కలిసి ఒక లెక్క.

పిల్లలకు చెప్పినట్లు ఈ లెక్క చేసి చూద్దాం. ఒక తల్లి 800 గుడ్లు పెట్టిందనుకుందాం. నేను మందు కొట్టి నూటికి తొంభై చంపాననుకుందాం. ఇంకా 80 మిగిలాయి. అందులో సగం ఆడవి అయితే వచ్చే ఏడు 40 మంది తల్లులు. అన్నీ బతకవు. పిట్టలు తింటాయి, పరాన్నజీవులు చంపుతాయి, రోగాలు వస్తాయి, వేసవి దుక్కిలో కొన్ని కోశాలు పైకి తేలి ఎండకు మాడిపోతాయి. అయినా వంద మందిలో తొంభై మందిని చంపానన్న తృప్తి ఎంత ఉత్తదో తెలుస్తుంది. అదే, మొదటి రాత్రి ఆ తల్లి గుడ్లు పెట్టకముందే దొరికితే 800 ఒక్క దెబ్బతో పోయినట్టు. నెల రోజుల చాకిరీ కంటే ఆ ఒక్క రాత్రి విలువైంది.

ఇంకో లెక్క. నా చేను పూర్తిగా శుభ్రం చేశాను, పక్క బీడును ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు నా చేను ఖాళీ బానలాంటిది. పక్కన నిండిన చెరువు ఉంది. నేను ఎంత తోడితే అంత మళ్లీ ఊరుతుంది. పురుగు పుట్టి పొంగే తావులు కొన్ని, అలా పొంగినది వచ్చి నిండే తావులు కొన్ని. పొంగే తావును వదిలి నిండే తావులో మాత్రమే యుద్ధం చేసేవాడు ఏటా యుద్ధం చేస్తూనే ఉంటాడు. ఏటా మందు కొంటూనే ఉంటాడు.

అందుకే పాత రోజుల్లో తొలకరి పడగానే ఊరంతా కలిసి పొలాల్లో మంటలు వేసేవాళ్లు. రెక్కల పురుగు వెలుగుకు వచ్చి పడేది. ఇప్పుడు వ్యవసాయ శాఖ వాళ్లు దీపపు ఎరలు పెట్టమంటారు. బల్బు కింద కిరోసిన్ కలిపిన నీళ్ల తొట్టి పెడితే చాలు. గుడ్ల గుంపులు ఉన్న ఆకులు ఏరి కాల్చమంటారు. జిల్లేడు కొమ్మలు, అడవి ఆముదం కొమ్మలు చేలో అక్కడక్కడ వేస్తే పురుగులు వాటి కిందికి చేరతాయి, పొద్దున్నే ఏరి చంపొచ్చు అంటారు. ఇవన్నీ ఖర్చు తక్కువ పనులే. కానీ ఒక్కరు చేస్తే లాభం లేదు. ఒకే చేనులో దీపం పెడితే చుట్టుపక్కల పురుగంతా అక్కడికే వస్తుంది. గుడ్లు పెట్టేసి వచ్చినవి కొన్ని, దారిలో గుడ్లు పెట్టేవి కొన్ని. అందరూ ఒకే రాత్రి పెట్టాలి.

అంటే ఇది మందుల సమస్య కంటే ముందు మాటల సమస్య. ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎవరిని పిలుస్తారు అన్న సమస్య.

నా చిన్నప్పుడు మంటల రాత్రికి ఊళ్లో దండోరా వేసేవాళ్లు. ఆ దండోరా ఊరి చివరి వీధి దాకా వచ్చి ఆగిపోయేది. మా గూడెం దాకా వచ్చేది కాదు. కావాలని ఆపారని నేను అనను. మమ్మల్ని పిలవాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చి ఉండదు. మేము కూలికి పోయేవాళ్లం, ఎలుకలు పట్టేవాళ్లం, తేనె తెచ్చేవాళ్లం. మమ్మల్ని రైతులుగా ఎవరూ చూడలేదు. కానీ బీడు పక్కన ఉన్నది మా చేలే. పురుగు మొదట లేచేది మా గట్ల మీదే. పిలవాల్సిన మొదటి మనిషినే పిలవకుండా ఊరంతా మంటలు వేసుకుంది. పురుగు మా చేలో గుడ్లు పెట్టి, నెల తర్వాత ఊరి చేలకు నడిచిపోయింది.

ఇక్కడ నాకు ఒక విషయం అర్థమైంది. మనిషిని లెక్కలోకి తీసుకోకపోవడం మర్యాదకు సంబంధించిన తప్పు మాత్రమే కాదు. లెక్క కూడా తప్పుతుంది. వదిలేసిన మనిషితో పాటు వదిలేసిన వాళ్లూ నష్టపోతారు.

ఎర్ర గొంగళి పురుగు దగ్గర నేర్చుకున్నది, కలిసి చంపాలని. పత్తిలో గులాబీ రంగు పురుగు దగ్గరికి వస్తే పాఠం తిరగబడుతుంది. అక్కడ కలిసి కొంత వదిలిపెట్టాలి.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువులున్న రకం వచ్చింది. కర్నూలు, కడప జిల్లాల్లో పత్తి వేసే రైతులు ఆ విత్తనాలకే మళ్లారు. 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాల చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్లు. దాన్ని చేను చుట్టూ వేయమని చెప్పారు. మనలో చాలామంది కూలికి పోయినప్పుడు ఆ చిన్న ప్యాకెట్లు గట్టు మీద పడి ఉండడం చూసే ఉంటారు. పురుగు తినిపోయే పత్తిని ఎందుకు వేయాలి అని రైతు పారేశాడు.

ఎందుకు వేయాలో ఇదీ కారణం. ఈ పురుగు కాయ లోపల ఉంటుంది, పైన కొట్టే మందు దానికి అందదు. బీటీ పత్తి తిన్న పురుగు చస్తుంది. వేలల్లో ఎక్కడో ఒకటి తట్టుకుని బతుకుతుంది. తట్టుకునే గుణం తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తేనే పిల్ల బతుకుతుంది, ఒక్క వైపు నుంచే వస్తే చస్తుంది అన్నదే ఆ ఏర్పాటుకు ఆధారం. కాబట్టి బతికిన ఆ ఒక్క పురుగుకు జత ఎవరు దొరుకుతారన్నదే అసలు ప్రశ్న. దగ్గరలో మామూలు పత్తి ఉంటే అందులో పెరిగిన మామూలు పురుగులు వందల్లో ఉంటాయి. ఆడ పురుగు వాసన వదులుతుంది, మగ పురుగు ఆ వాసన పట్టుకుని ఎగిరి వస్తుంది. మామూలు దానితో జత కడితే పిల్లలు బీటీ పత్తి మీద బతకవు. మామూలు పత్తి ఎక్కడా లేకపోతే, బతికినది బతికినదానితోనే జత కడుతుంది. పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి.

జరిగింది అదే. ఇదొక్కటే కారణం కాదు. పత్తిని వేసవి దాకా చేలో ఉంచడం లాంటివీ తోడయ్యాయి. మొదటి రకం బీటీని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్ నుంచి వార్త వచ్చింది. తర్వాత రెండో రకం కూడా ఆ పురుగు ముందు నిలవలేదు. మన దిక్కు చేలల్లో గుడ్డిపూలు, పుచ్చిన కాయలు మళ్లీ కనిపించాయి. కాయ పుచ్చితే రైతుకు దిగుబడి పోయింది, పత్తి ఏరే కూలీకి పని పోయింది. ఆ కూలీల్లో మనమే ఎక్కువ.

అమెరికాలో ఇదే పురుగును వేరే దారిలో ఎదుర్కొన్నారు. బీటీ పత్తికి తోడు, గొడ్డుబోయేలా చేసిన రెక్కల పురుగులను పెంచి పెద్ద సంఖ్యలో పొలాల మీద వదిలారు. అడవి పురుగు వాటితో జత కడితే పిల్లలు పుట్టవు. సరిహద్దు అవతల మెక్సికో ఉత్తర ప్రాంతాన్ని కూడా కలుపుకుని చేశారు. ఎందుకంటే పురుగుకు దేశాల గెనిమలు కూడా తెలియవు. రైతులు కూడా ఖర్చు పంచుకున్నారు. పత్తి పండే ప్రాంతాల నుంచి ఆ పురుగు పోయిందని 2018లో అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించింది. అక్కడి రైతులు మనకంటే మంచివాళ్లని దీని అర్థం కాదు. కలిసి చేయడానికి ఒక ఏర్పాటు, దానికి డబ్బు, అడిగితే జవాబు చెప్పే ఒక యంత్రాంగం వాళ్లకు ఉన్నాయి. మనకు ఒక చిన్న ప్యాకెట్ చేతిలో పెట్టి, అది ఎందుకో సరిగా చెప్పకుండా పంపారు.

ఇక్కడ న్యాయం గురించి ఒక మాట చెప్పాలి. చేనులో ఐదో వంతు గానీ చుట్టూ ఐదు సాళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంత మామూలు పత్తి వేయాలని అప్పట్లో నిబంధన ఉండేది. ఇరవై ఎకరాల రైతుకూ అదే, రెండెకరాలు కౌలుకు తీసుకున్నవాడికీ అదే. ఇరవై ఎకరాలవాడు ఐదో వంతు వదిలినా పదహారు ఎకరాలు మిగులుతాయి. రెండెకరాల కౌలుదారు వదిలేది పిల్లల ఫీజు, వడ్డీ డబ్బు. అందరికీ ఒకే నిబంధన పెడితే అది సమానంగా కనిపిస్తుంది, బరువు మాత్రం సమానంగా పడదు. అందరి మేలు కోసం కొందరు పురుగుకు పంట పెట్టాలంటే, ఆ నష్టంలో అందరూ వంతు వేసుకోవాలి. అది అడగకుండా పేద రైతును "బాధ్యత లేనివాడు" అని తిట్టడం సులభం. తర్వాతి కాలంలో మామూలు విత్తనాలను బీటీ ప్యాకెట్‌లోనే కలిపి అమ్మే పద్ధతి తెచ్చారు. పారేసే వీలు లేకుండా చేశారు. మంచిదే. కానీ మనిషికి నచ్చజెప్పి చేయించడం, మనిషికి తెలియకుండా జరిగిపోయేలా చేయడం ఒకటి కాదని ఉపాధ్యాయుడిగా నాకు అనిపిస్తుంది.

కొంత వదిలిపెట్టడం అన్న మాట వినగానే మనవాళ్లు, "అది మా తాతల కాలం నుంచి ఉన్నదే" అంటారు. నిజమే. మా తాత తేనె కొట్టేటప్పుడు పట్టు మొత్తం కోసేవాడు కాదు. గడ్డ తవ్వితే తీగ మొదలును మళ్లీ మట్టిలో పూడ్చేవాడు. అయితే మనల్ని మనం మరీ పొగుడుకోవద్దు. ఆకలి రోజుల్లో పట్టు మొత్తం కోసిన వాళ్లూ మనలో ఉన్నారు. దళారి ముందే డబ్బులిచ్చి, ఇన్ని సీసాలు తేవాలంటే ఇంకొకరు కోసుకుపోకముందే నేనే కోయాలన్న తొందర మనకూ వచ్చింది. వదిలిపెట్టే బుద్ధి రక్తంలో ఉండదు. నేను వదిలినదాన్ని పక్కవాడూ వదులుతాడన్న నమ్మకంలో ఉంటుంది. ఆ నమ్మకం పోయిన రోజు యానాది అయినా, రైతు అయినా, ఎవరైనా ఒకటే.

ఒక విద్యార్థి నన్ను ఇంకో ప్రశ్న కూడా అడిగాడు: "సార్, జత కట్టడానికి వచ్చిన పురుగును దీపం పెట్టి చంపడం పాపం కాదా?" నవ్వి ఊరుకునే ప్రశ్న కాదిది. పది నెలలు మట్టిలో ఎదురుచూసి ఒక్క రాత్రికి బయటికి వచ్చే జీవి అది. దాని బతుకు దానికి తీపి. పంట కోసం చంపక తప్పదు, కానీ పగతో చంపాల్సిన పని లేదు. అవసరమైన చోట, అవసరమైన రాత్రి, అవసరమైనంత. మందు డబ్బా ఎత్తితే తేనెటీగ పోతుంది, పురుగును తినే కందిరీగ పోతుంది, చేలో తిరిగే పిట్ట పోతుంది. లోకమంతా అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది మన లంకమల పొదల దగ్గరే. అది కూడా పురుగులు తిని బతికే పిట్టే. పురుగు ఎలా గెనిమ దాటుతుందో, మందు కూడా అలాగే దాటుతుంది.

ఇప్పుడు ఆ పిల్లాడి ప్రశ్నకు వస్తాను. తన చేను కాపాడుకున్న రైతు తప్పు చేశాడా? కాపాడుకోవడం తప్పు కాదు. కానీ పురుగును ఆపడం వేరు, పక్కకు తోయడం వేరు. ఆ కాలవ పురుగును ఆపిందని ఆయన అనుకున్నాడు, అది మా మీదికి తోసింది. నా చర్య ఫలితం గెనిమ అవతల పడుతుందని తెలిస్తే, గెనిమ అవతలి మనిషితో ఒక మాట మాట్లాడాల్సిన బాధ్యత నాకు ఉంటుంది. తెలియకపోతే తెలుసుకోవాల్సిన బాధ్యత ఉంటుంది. భూమి హద్దు దగ్గర నా హక్కు ఆగుతుంది గానీ నా బాధ్యత ఆగదు.

మరి పాప ప్రశ్న? మా చేను ఎందుకు పోయింది? పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా అమ్మను అడిగాను. "ఆ కాలవ తవ్వేటప్పుడు మన చేను పోతుందని నీకు తెలుసా మా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "తెలుసు నాయనా. కూలికి పోయినాక యాడ తవ్వమంటే ఆడ తవ్వాల. కానీ మన చేను పైన, బీడు అంచున తవ్వింటే ఆయప్పదీ మిగిలేది, మనదీ మిగిలేది. కాలవ పొడుగు అంతే, కూలి అంతే."

నేను లేచి ఆ రెండు చేన్లనూ మనసులో కొలిచి చూశాను. నిజమే. పై గెనిమ, కింది గెనిమ ఒకే పొడవు. యాభై గజాలు పైకి జరిపి తవ్వి ఉంటే అదే చాకిరీతో రెండు చేలూ నిలిచేవి.

"మరి ఆ మాట ఆయప్పకు చెప్పలేదా?" అన్నాను.

"కూలోళ్లను ఎవరడిగినారు నాయనా?" అంది మా అమ్మ.

తోటి ఉపాధ్యాయులారా, ఈ తొలకరికి మీ బడి పిల్లలతో ఊరి పటం ఒకటి గీయించండి. బీళ్లు, గట్లు, చెట్లు, చేలు, గూడెం అన్నీ అందులో ఉండాలి. పురుగు ఎక్కడ లేస్తుందో, ఎటు నడుస్తుందో బాణాలు గీయమనండి. తర్వాత దండోరా ఎక్కడిదాకా వస్తుందో ఇంకో రంగుతో గీయమనండి. ఆ రెండు గీతలూ కలవని చోట ఎవరి చేలు ఉన్నాయో పిల్లలే చెబుతారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ చేలు మనవే అయితే, ఎవరో వచ్చి అడిగేదాకా ఆగవద్దు. కాలవ ఎక్కడ తవ్వాలో మనకు తెలిసినప్పుడు, గడ్డపార పట్టకముందే ఆ మాట చెప్పండి.